ఉగ్గుగిన్నెకి ముహూర్తం ఎందుకు?

మూఢవిశ్వాసం అనగానే మనం చేతబడి గురించో, బాబాల గురించో మాట్లాడతాం. వంటింటి జోలికి వెళ్ళం. పసిపిల్ల నోట్లోకి మొదటి ముద్ద ఎప్పుడు వెళ్ళాలో పంచాంగం చూసి నిర్ణయించడం మనకి చిన్న విషయంలా కనిపిస్తుంది. అది చిన్న విషయం కాదని నా వాదన.

నేను ఉండే గోవింద్‌పూర్ జంషెడ్‌పూర్‌లో టెల్కో పక్కన ఉంది. టాటా కంపెనీల్లో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో తరాలుగా ఉన్నారు. మూడో తరం పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. కానీ అన్నప్రాశన పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. మగపిల్లలకి సరి నెలలో, ఆడపిల్లలకి బేసి నెలలో చెయ్యాలట. మా వీధిలో ఒక పాపకి ఏడో నెల ఆషాఢంలో పడింది. ఆషాఢంలో ముహూర్తాలు లేవు. ఎనిమిది సరి సంఖ్య. కనుక తొమ్మిదో నెలకి వాయిదా వేశారు. అప్పటిదాకా తల్లిపాలు, పలచటి గంజి. గంజి అన్నం కాదు కాబట్టి దానికి దోషం లేదట! బియ్యం ఉడికించిన నీళ్ళు అన్నం ఎందుకు కావో నాకు ఎవరూ చెప్పలేదు.

నిండు నెలలతో పుట్టిన బిడ్డ తల్లి దగ్గర నుంచి కొంత ఇనుము నిల్వ తెచ్చుకుంటుంది. ఆ నిల్వ సుమారు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. అందుకే ఆరు నెలలు నిండగానే, తల్లిపాలు కొనసాగిస్తూనే, గట్టి ఆహారం మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెపుతోంది. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకి పాలు కాకుండా రోజుకి సుమారు 200 కేలరీలు బయటి ఆహారం నుంచి రావాలి. ఇప్పుడు గంజి లెక్క చూద్దాం. గ్లాసుడు పలచటి గంజిలో 10 గ్రాముల బియ్యం ఉన్నాయనుకుందాం. 35 కేలరీలు. 200 రావాలంటే దాదాపు ఆరు గ్లాసులు తాగించాలి. ఆ వయసు బిడ్డ కడుపులో ఒక్కసారికి గ్లాసుడికి మించి పట్టదు. గంజితో కడుపు నిండుతుంది, బిడ్డ ఏడుపు ఆపుతుంది, తిండి సరిపోయిందని పెద్దవాళ్ళు అనుకుంటారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు గట్టి ఆహారం అందుతున్నవాళ్ళు 45.9 శాతమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు 67.1 శాతం. దీనికంతటికీ ముహూర్తాలే కారణం అని నేను అనను. పేదరికం ఉంది, తల్లి పనికి వెళ్ళాల్సి రావడం ఉంది. కానీ డబ్బున్న ఇంట్లో, తిండి ఉన్న ఇంట్లో బిడ్డని రెండు నెలలు ఆపడానికి పేదరికం సాకు కాదు కదా.

ఈ మాటే ఆ పాప ముత్తవ్వతో అన్నాను. "ఏటి బాబూ, మా పిల్లలు గంజి తాగి పెరగలేదేటి?" అంది. ఎంతమంది పిల్లలు మామ్మా అని అడిగాను. ఏడుగురు పుట్టారంది. నలుగురు మిగిలారంది. ఆ ముగ్గురూ గంజి వల్లే పోయారని నేను అనలేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ "మేం పెరగలేదా" అనే వాదన చెయ్యగలిగేది పెరిగినవాళ్ళు మాత్రమే.

చదువుకున్న కొడుకులు, కోడళ్ళు గంజిని వెక్కిరించి డబ్బా పిండి కొంటారు. డబ్బా మీద ఉన్న విటమిన్ల జాబితా వాళ్ళకి మంత్రం లాంటిది. స్విట్జర్లాండ్‌కి చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో ఒక నివేదిక ఇచ్చింది. నెస్లే కంపెనీ ఇండియాలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూటకి సగటున 3 గ్రాములకి దగ్గరగా కలిపిన చక్కెర ఉందనీ, అదే కంపెనీ స్విట్జర్లాండ్‌లో చక్కెర కలపకుండా అమ్ముతోందనీ బయటపెట్టింది. గొడవ అయ్యాక అదే ఏడాది, చక్కెర కలపని రకాలు కూడా తెస్తామని కంపెనీ ప్రకటించింది. అయితే డబ్బా పిండిలో ఇనుము కలుపుతారు, అది నిజమైన లాభమే. శత్రువు మీద కోపంతో ఈ మాట దాచకూడదు.

"ఇంట్లో చేసింది కాబట్టి మంచిది" అన్నది కూడా హేతువాదం కాదు. గంజి ఇంట్లో చేసిందే. పప్పు మీద తేట ఇంట్లో చేసిందే, దానిలో పప్పు ఉండదు. పుట్టగానే నాకించే తేనె కూడా ఇంట్లోదే. ఏడాది లోపు పిల్లలకి తేనె పెడితే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. బెల్లంలో ఐరన్ ఉందంటారు. చెంచాడు బెల్లంలో ఉండే ఇనుము లెక్కలోకి రాదు, తీపి అలవాటు మాత్రం అవుతుంది.

మరి ఏం పెట్టాలి? జార్ఖండ్‌లో మడువా అంటారు, శ్రీకాకుళంలో చోళ్ళు అంటారు, రెండూ ఒకటే గింజ. 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇక్కడ ప్రతి కొట్లో దొరికే సత్తు అంటే వేయించిన శనగల పిండి. ఈ రెండింటికీ వేయించిన వేరుశనగలు మెత్తగా పొడి చేసి కలిపితే ఖరీదు పెద్దగా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ హైదరాబాద్ మిక్స్ కూడా ఇలాంటి లెక్కే. అందులో గోధుమ, శనగ, వేరుశనగ, బెల్లం ఉంటాయి. బెల్లం మానెయ్యండి.

గట్టిగా కాస్తే బిడ్డ మింగలేదు, పలచగా కాస్తే బలం ఉండదు. ఈ చిక్కుకి 1980ల్లో బరోడాలో తారా గోపాల్‌దాస్ బృందం ప్రచారం చేసిన ఉపాయం మొలకల పిండి. చోళ్ళు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టాలి. మాడ్చకూడదు, ఎంజైము చచ్చిపోతుంది. గట్టిగా కాసిన వేడి జావలో ఈ పిండి ఒక చెంచా కలిపితే, మొలకల్లోని ఎమైలేజ్ అనే ఎంజైము గంజి పదార్థాన్ని విరగ్గొడుతుంది. కొద్ది నిమిషాల్లో జావ జారుగా అవుతుంది. నీళ్ళు పొయ్యలేదు కాబట్టి కేలరీలు తగ్గవు. తరవాత మళ్ళీ ఒక పొంగు రానిచ్చి దించాలి. మన అవ్వలు చోడి మొలకల పిండి చేసేవాళ్ళు. అది వేదకాలపు విజ్ఞానం అని ఎవరూ ఉబ్బిపోనక్కరలేదు, ఆఫ్రికాలోనూ చేసేవాళ్ళు.

గుడ్డు తినే ఇళ్ళలో బాగా ఉడికించిన గుడ్డు మెత్తగా చిదిపి పెట్టండి. చేప ముల్లు తీసి పెట్టండి. "వేడి చేస్తుంది" అంటే ఎంత డిగ్రీలు అని అడగండి. వేరుశనగ ఎలర్జీ అని భయపడేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లండ్‌లో 640 మంది పసిపిల్లల మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది లోపే వేరుశనగ తిన్నవాళ్ళలో ఆ ఎలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. గింజ మాత్రం ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. అప్పటికే ఎగ్జిమా ఎక్కువగా ఉన్న బిడ్డ అయితే ముందు డాక్టర్‌ని అడగండి.

అన్నప్రాశన వద్దంటావా అని నన్ను అడుగుతారు. చుట్టాలని పిలిచి విందు చేసుకోవాలనుకుంటే ఏ నెలలో అయినా చేసుకోండి, పిలిస్తే నేనూ వస్తాను. బిడ్డకి మాత్రం 181వ రోజున జావ పెట్టండి. అత్తగారు ఒప్పుకోకపోతే ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు పెట్టండి.