మాటే నోటు

యుద్ధం ప్రకటించడానికి ఏలికలకు ఒక్క సంతకం చాలు. బరువు మోసేది మాత్రం బజార్లో రొట్టె కొనుక్కునే మనిషి. 1914 ఆగస్టులో జర్మనీలో జరిగింది ఇదే. యుద్ధం మొదలుకాగానే జనం వెండి నాణేలు దాచుకున్నారు. తర్వాత రాగి, నికెల్ ఆయుధాల ఫ్యాక్టరీలకు పోయాయి. కూలి ఇవ్వడానికి కూడా చిల్లర కరువైంది. బెర్లిన్ చేతులెత్తేస్తే ఊళ్లే ముందుకొచ్చాయి. మున్సిపాలిటీలు, కంపెనీలు సొంతంగా కాగితపు నోట్లు అచ్చేశాయి. వాటిపేరు నోట్‌గెల్డ్, అంటే ఆపత్కాలపు పైకం. పొలిమేర దాటితే చెల్లని ఆ కాగితం ఊళ్లో చెల్లింది. ఎందుకు? మార్చి ఇస్తామన్న పెద్దలు ఆ ఊళ్లోనే ఉన్నారు. తేడా వస్తే జనం వెళ్లి నిలదీయగలరు!

మన హైదరాబాద్ రాజ్యానికీ ఆ సెగ తగిలింది. హాలీ సిక్కాకు వెండి కొరతై 1918లో నిజాం సర్కారు చట్టం చేసి కాగితపు నోట్లు తెచ్చింది.

అయితే సొంత ఊరిదైనంత మాత్రాన ప్రతిదీ మంచిదని మేం అనం. 1921 నాటికి చాలా ఊళ్లు సేకరణదారులకు అమ్ముకోవడానికే రంగురంగుల నోట్లు అచ్చేశాయి. 1922లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1923లో మార్కు కుప్పకూలింది. నవంబరులో ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు! ఊళ్లు మళ్లీ నోట్లు అచ్చేశాయి. కానీ పొద్దున అందిన జీతం సాయంత్రానికి చిత్తుకాగితమైంది. నెలజీతం మీద బతికే ఉద్యోగి, దాచుకున్న సొమ్మును నమ్ముకున్న ముసలివాళ్లు రోడ్డున పడ్డారు.

విద్యార్థులారా, ఉద్యోగులారా! నోటు విలువ దానిమీది మాటలో ఉంది. ఎవరు మాట ఇచ్చినా ముందు రెండు ప్రశ్నలు వేయండి. ఆ మాట ఇచ్చినవాడు మనకు అందుబాటులో ఉన్నాడా? తప్పితే అడిగే హక్కు మనకుందా?