పస్కా పండుగ ఉదయము: రాత్రియే అమర్చి యుంచుకొను మట్సా బ్రై



పండుగనాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి తినుచుండగా, వండిన యిల్లాలు మాత్రము పొయ్యియొద్దనే నిలువబడి యుండుట మనకు క్రొత్త గాదు. అందఱును లేచిన తరువాత చల్లారి మిగిలినది ఆమె పాలబడును. ఈ నెల నేను వ్రాయబూనిన వంటకము మనది గాదు, యూదులది. అయినను నేను దానిని నేర్చుకొన్న విధము విన్నచో అది మీకు పరాయిదిగా దోచదని నా నమ్మకము.

నేను కాపురముండునది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము. మా ప్రక్కయింట డెబ్బదియేండ్లు దాటిన యూదుల పెద్దావిడ యున్నది. ఆమె పెద్దలు తూర్పు యూరపునుండి వలసవచ్చిన అష్కెనాజీ శాఖవారు. మేము ఆ యింటి ప్రక్కకు వచ్చిన తొలి వసంతమున, ఆమె యింటికి బంధువులు వచ్చుచున్నారని తెలిసి, "రేపు ఉదయము ఇడ్డెనలు చేసి పంపుదునా?" యని యడిగితిని. ఆమె నవ్వి, నా చేయి పట్టుకొని, "అమ్మాయీ, నీ మనసు మంచిది. కాని యీ యెనిమిది దినములును మా యింట బియ్యము లేదు, పప్పు లేదు. నీవు పంపినను మేము ముట్టరాదు" అనెను. నేను కొంత చిన్నబోతిని. అపుడామె నన్ను కూర్చుండబెట్టి తమ పండుగ సంగతి విప్పి చెప్పెను.

పస్కా యనునది యూదుల పూర్వులు ఐగుప్తు దాస్యమునుండి విడివడిన దినముల పండుగ. మార్చి, ఏప్రిలు నెలలలో, వారి నీసాను మాసపు పున్నమివేళ వచ్చును. ఇజ్రాయేలు దేశమున ఏడు దినములు, తక్కిన దేశములలో సాధారణముగా ఎనిమిది దినములు జరుపుదురు. బయలుదేరు తొందరలో పిండి పులియుటకు వ్యవధి లేక పొంగని రొట్టెలనే కాల్చుకొని పోయిరట. దానికి గుర్తుగా పండుగ ముగియువఱకు పులిసినదేదియు ఇంట నుండరాదు. గోధుమలు, యవలు, రై, ఓట్లు, స్పెల్టు అను ఐదు ధాన్యములలో దేని పిండియైనను నీటితో గలిసి 18 నిమిషములు ఊరకున్నచో పులిసినట్లే లెక్క. ఆ గడువులోపల కలిపి, ఒత్తి, కాల్చిన పలుచని రొట్టెయే మట్సా. అది అప్పడమువలె పెళపెళలాడును. బియ్యము, పప్పుధాన్యములు ఈ యైదింటిలోనివి గాకపోయినను, అష్కెనాజీలు ఆచారముగా వానినిగూడ మానుదురు. సెఫార్దీ శాఖవారిలో పెక్కురు అన్నము తిందురు.

పూర్వము మట్సాను చేతితో గుండ్రముగా ఒత్తెడివారు. 1838లో ఫ్రాన్సుదేశపు అల్సాసు ప్రాంతమున యంత్రము పుట్టినది. 1888లో అమెరికాలోని సిన్సినాటి నగరమున మానిషెవిట్జ్ అను నాతడు మట్సా బట్టీని స్థాపించెను. పిదప యంత్రములచే చేసిన చదరపు మట్సా పెట్టెలు ఊరూర దొరకుచు వచ్చినవి. ఎనిమిది దినములు రొట్టె, అన్నము, అట్లు ఏవియు లేనియింట ఉదయపు పలహారమేమి? ఈ మట్సానే ముక్కలుగా విఱిచి, నీట తడిపి, గిలకొట్టిన గ్రుడ్లలో ముంచి, వెన్నతో పెనముపై వేచినదే మట్సా బ్రై. కొందఱు చక్కెర, దాల్చినచెక్క వేసికొందురు. కొందఱు ఉల్లిపాయ, మిరియాలు వేసికొందురు. ఏది సరియైనదన్న వాదము ప్రతి యింటను గలదు.

ఇక అసలు విషయము. పస్కా మొదటి రెండు రాత్రులు సేడర్ అను విందు జరుగును. హగ్గదా యను గ్రంథమును చదువుకొనుచు, పిల్లలు ప్రశ్నలడుగగా పెద్దలు సమాధానములు చెప్పుచు, అర్ధరాత్రివఱకు కూర్చుందురు. తాము స్వతంత్రులమన్న గుర్తుగా ఎడమవైపునకు ఒరిగి కూర్చుండుట ఆచారము. ఒక యేడు మమ్మునుగూడ పిలిచిరి. పదునాఱుగురు బంధువులు బల్లచుట్టును ఒరిగి కూర్చుండిరి. మా పెద్దావిడ మాత్రము కుర్చీ అంచున కూర్చుండుట, లేచుట, వంటయింటికి పోవుట, వచ్చుట. ఇదియే ఆమె పండుగ. ఆమెకు ఒరుగ తీరికేది?

మఱునాటి ఉదయము సంగతి అంతకన్న కష్టము. మట్సా బ్రై పెనముమీదనుండి దిగిన వెంటనే తినవలెను, చల్లారినచో సాగును. ఒక్క పెనమునకు ఇద్దఱికో ముగ్గురికో సరిపోవును. పదునాఱుగురికి అన్ని పెనములు ఆమెయే వేచెడిది. నలువదియేండ్లు అట్లే జరిగెను. కాని యా యేడు కీళ్ళనొప్పిచే ఆమె కుడిమణికట్టు వాచియుండెను. బరువైన ఇనుప పెనము ఎత్తలేకపోయెను. అయినను ఎవ్వరికిని చెప్పక, ఎడమచేతితో అట్లకాడ పట్టుకొని పనికి దిగెను. పదేండ్ల మనుమరాలు ప్రక్కన నిలిచి చూచి, "అమ్మమ్మా, రాత్రి మనమందఱము ఐగుప్తునుండి బయటపడితిమని చదివితిమి గదా, నీవెప్పుడు వచ్చెదవు?" అని యడిగెనట. ప్రతి తరమువారును తామే బయటపడినట్లు తలంపవలెనని హగ్గదా చెప్పును. పిల్ల దానినే అడిగినది. ఈ మాట నాకు చెప్పునపుడు పెద్దావిడ కన్నులు చెమర్చెను.

మఱుసటి యేడు పండుగకు ముందు ఆమె నాయొద్దకు వచ్చి, "ఈ బ్రైని ఒక పెద్ద పళ్ళెమున రాత్రియే అమర్చి, ప్రొద్దున ఓవెనులో కాల్చవచ్చునట. కాని నా భర్త బ్రదికియుండగా పెనముమీది బ్రైనే ఇష్టపడెడివాడు. ఇట్లు చేసిన అది బ్రై యగునా?" యని సందేహించెను. ముందుగా మా యింట చేసిచూతమని నేనంటిని.

నా తొలి ప్రయత్నము చెడినది. పెనముమీద చేయునట్లే మట్సాను వేడినీట తడిపి, పిండి, ఆపైన పాలు గ్రుడ్లు పోసి రాత్రియంతయు ఉంచితిని. తెల్లవాఱుసరికి ముక్కలన్నియు కరగి జావయైనవి. కాల్చినను గోడకంటించు జిగురువలెనే యుండెను. పెద్దావిడ ఒక్క చెంచా నోట పెట్టుకొని, "రెండుమారులు తడిపితివి" అనెను. తప్పదియే. రాత్రి నానవలసిన మట్సాను ముందు నీట ముంచరాదు. పొడిగానే విఱిచి వేయవలెను. పాలు గ్రుడ్లు నెమ్మదిగా లోనికి పోయి, ముక్క మెత్తబడియు రూపు చెడక నిలుచును.

మేమిరువురమును సరిచేసికొన్న పద్ధతి ఇది. ఎనిమిది, తొమ్మిదిమందికి చాలును.

కావలసినవి: మట్సా రొట్టెలు 8 (సుమారు 240 గ్రాములు), గ్రుడ్లు 8, పాలు 600 మిల్లీలీటర్లు, చక్కెర 70 గ్రాములు, వెన్న 60 గ్రాములు, ఆపిలు పండ్లు 2, ఎండుద్రాక్ష ఒక గుప్పెడు, దాల్చినచెక్క పొడి ఒకటిన్నర చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా.

ఆపిలు పండ్లను చెక్కుతీసి, పలుచని బిళ్ళలుగా కోసి, సగము వెన్నలో కొంచెము మెత్తబడువఱకు వేచి చల్లార్పవలెను. పండ్లు పచ్చివిగా వేసినచో నీరూరి అడుగు తడిసిపోవును. ముప్పదిమూడు సెంటీమీటర్ల పొడవు, ఇరువదిమూడు సెంటీమీటర్ల వెడల్పు గల లోతైన పళ్ళెమునకు వెన్న రాయవలెను. మట్సాను రెండంగుళముల ముక్కలుగా విఱిచి సగము పఱచి, దానిపై ఆపిలు బిళ్ళలు, ఎండుద్రాక్ష చల్లి, మిగిలిన ముక్కలు పైన కప్పవలెను. గ్రుడ్లు, పాలు, చక్కెర, ఉప్పు, దాల్చినచెక్క పొడి బాగుగా గిలకొట్టి అంతటను సమముగా పోయవలెను. గరిటె వెనుకవైపుతో పైముక్కలను ఒకమారు అదిమినచో అవియును తడియును. మూతవేసి ఫ్రిజ్ లో ఉంచవలెను. ఎనిమిది గంటలు మేలు. ఒక దినమునకు మించరాదు. పచ్చి గ్రుడ్లున్నవి గనుక ఫ్రిజ్ చల్లదనము 4 డిగ్రీల సెంటీగ్రేడుకు మించకుండుట ముఖ్యము. వంటబల్లపై రాత్రియంతయు వదలిపెట్టరాదు.

ఉదయము అరగంట ముందు బయట పెట్టవలెను. చల్లని గాజు పళ్ళెమును కాగిన ఓవెనులో ఒక్కసారిగా పెట్టినచో పగులవచ్చును. రేకు పళ్ళెమైన ఆ భయము లేదు. మిగిలిన వెన్న కరగించి పైన చిలికి, 180 డిగ్రీల వేడిమిలో అల్యూమినియపు కాగితము కప్పి 25 నిమిషములు, కాగితము తీసి మఱి 20 నిమిషములు కాల్చవలెను. నడుమ చాకు గ్రుచ్చి తీసిన తడి యంటరాదు. పైభాగము బంగారువన్నె రావలెను. పది నిమిషములు ఆగి ముక్కలుగా కోసికొనవచ్చును. కారపు రుచి కోరువారు చక్కెర, పండ్లు, దాల్చినచెక్క మాని, మూడు ఉల్లిపాయలు ఎఱ్ఱగా వేచి, మిరియాల పొడి చేర్చుకొందురు. గ్రుడ్లే యీ వంటకమునకు ప్రాణము. గ్రుడ్లు తిననివారికి ఇది కాదని ముందే చెప్పుచున్నాను.

యూదుల యింటికి ఈ వంటకము చేసి యీయదలచినవారు కొన్ని నియమము లెఱుగవలెను. మట్సా పెట్టెపై పస్కాకు తగినదని వ్రాసియుండవలెను. పస్కాకు తగనిదియు అంగళ్ళలో దొరకును. పాత్రలు ఆ పండుగకు వేరుగా నుంచినవి కావలెను. కనుక మన వంటయింట వండి పంపుటకన్న వారి వంటయింట వారితో గలిసి వండుట మేలు. పాలతో చేసినది మాంసముతో గలిపి వడ్డింపరాదు. హసిదీ సంప్రదాయమున పెక్కు కుటుంబములవారు, లోపల కాలని పిండి యేమైన మిగిలియుండునేమో యని, మొదటి ఏడు దినములు మట్సాను అసలే తడుపరు. ఎనిమిదవనాడు మాత్రము తిందురు. అడిగి తెలిసికొనుట మర్యాద.

పండుగదినమున క్రొత్తగా నిప్పు వెలిగింపరాదు. ముందే వెలిగియున్న దానిపై వండవచ్చును. అది విశ్రాంతి దినమైన వంటయే కూడదు. పండుగ మొదటి దినమున రెండవ దినమునకై సిద్ధము చేయుటయు కూడదు. అయితే వారి దినము సూర్యాస్తమయముతో మొదలగును గనుక, సేడర్ రాత్రియు మఱునాటి ఉదయమును ఒక్క దినమే. రాత్రి అమర్చి ఉదయము కాల్చుటకు ఆటంకము లేదని పెద్దావిడ నాకు లెక్క వేసి చూపెను.

ఆ యేడు ఓవెనును పండుగ ప్రవేశింపక మునుపే వెలిగించియుంచిరి. ఆపిలు పండ్లు మధ్యాహ్నమే వేచి యుంచిరి. విందు ముగిసిన పిదప మనుమరాలు మట్సాను విఱిచి పఱచెను. ఆమె తల్లి గ్రుడ్లు గిలకొట్టెను. అల్లుడు పళ్ళెములెత్తి ఫ్రిజ్ లో పెట్టెను. రెండు పళ్ళెములకును పావుగంట పట్టలేదు. పెద్దావిడను ఎవ్వరును లేవనీయలేదు. మఱునాడు నేను పోవుసరికి అందఱును ఒక్కమారే కూర్చుండి తినుచుండిరి. ఆమెయు వారి నడుమ కూర్చుండి వేడిది తినుచుండెను.

"ఎట్లున్నది?" అని యడిగితిని. ఆమె నిజము దాచలేదు. "పెనముమీది దాని అంచులు కరకరలాడును. ఇది అట్లు కాదు, మెత్తగా నున్నది. ఆయన యుండిన కొంచెము గొణిగెడివాడే" అనెను. మఱల ఒక ముక్క వేసికొని, "కాని నలువదియేండ్లలో ఈ పండుగ ఉదయము నేను వేడిగా తినుట ఇదియే మొదలు" అనెను.

ఆచారమన్నది పెనములోనే యున్నదా, పళ్ళెములోనే యున్నదా యని నేను వాదింపను. ఇద్దఱు ముగ్గురే యున్న దినమున పెనముమీదనే చేసికొనవచ్చును. ఆ రుచి దానిదే. ఇంటినిండ చుట్టములున్ననాడు రాత్రియే అమర్చుకొనుట మేలు. విడుదల పండుగనాడు విడుదల లేనివారు ఇంట ఒక్కరున్నను పండుగ నిండదు. ఈ పండుగ జరుపుకొను ఇరుగుపొరుగు గల సోదరీమణులు, అమెరికాలో నున్నవారు ముఖ్యముగా, వారితో గలిసి చేసిచూచెదరు గాక. మట్సాను మాత్రము ముందుగా నీట ముంచకుడు.