ఓడిపోవడానికి ఒక గ్రౌండు

మన ఆడపిల్ల ఎవరైనా పతకం తెస్తే చాలు, వారం తిరిగేసరికి ఆమె మీద పది కవితలు. రాసేది మనమే. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన రోజుల నుంచి నిఖత్ జరీన్ దాకా, మొన్న పారిస్ పారాలింపిక్స్‌లో పరుగెత్తిన దీప్తి జీవాంజి దాకా చూస్తూనే ఉన్నాను. బంగారు తల్లి, శివంగి, ఓరుగల్లు బిడ్డ. ఈ కవితల మీద నాకొక పేచీ ఉంది. అది చెప్పాలంటే ముందు ఒక జపాను బొమ్మల కథ దగ్గరికి వెళ్లి రావాలి. కాస్త ఓపిక పట్టండి.

ఆ కథ పేరు స్లామ్ డంక్. తకెహికో ఇనోవే 1990 నుంచి 1996 దాకా ‘షోనెన్ జంప్’ అనే వారపత్రికలో గీసిన బాస్కెట్‌బాల్ మాంగా, మొత్తం 31 సంపుటాలు. షోనెన్ అంటే మగపిల్లవాడు. పాఠకుడెవరో పత్రిక పేరులోనే రాసుకున్నారు. అయినా మేడ్చల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మేం నలుగురు ఆడపిల్లలం, ఎవరి అన్నయ్యో పెన్‌డ్రైవ్‌లో పంపిన ఇంగ్లీషు అనువాదాన్ని ఒక్క లాప్‌టాప్ చుట్టూ చేరి, పరీక్షల ముందు రాత్రుళ్లు కూడా చదివాం. ఇనోవే స్వయంగా తీసిన సినిమా 2022లో వచ్చింది. అది చూశాక 31 సంపుటాలూ మళ్లీ చదివాను.

కథానాయకుడు హనమిచి సకురాగి. ఎర్రజుట్టు పోకిరీ, యాభైమంది అమ్మాయిలు కాదన్నవాడు. హరుకో అనే అమ్మాయి ‘బాస్కెట్‌బాల్ ఇష్టమా’ అని అడిగింది కాబట్టి టీములో చేరతాడు. బంతి కింద కొట్టడం కూడా రాదు. అంత చక్కగా ఆటను చదవగలిగిన హరుకో మాత్రం కథ పొడవునా గ్యాలరీలోనే ఉంటుంది. అయాకో అని ఇంకో అమ్మాయి టీము మేనేజరు. కుర్రాళ్ల తగవులు తీర్చేది ఆమే, సకురాగికి ఓనమాలు దిద్దించేదీ ఆమే. చివరికి హరుకోకి దక్కిన ప్రమోషన్ ఏమిటో తెలుసా? తనూ మేనేజరవుతుంది!

ఇంతవరకు ఏ స్త్రీవాద పాఠకురాలైనా చెప్పేదే. దీనికి మనం రాసిచ్చే మందూ తెలిసిందే: అబ్బాయిని తీసేసి ఆ చోట అమ్మాయిని పెట్టడం. ఆ మందు జపాను వాళ్లు ఎప్పుడో వాడి చూశారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మహిళా వాలీబాల్ జట్టులో ఎక్కువమంది ఒసాకా దగ్గర కైజుకాలోని ఒక నూలు మిల్లు ఉద్యోగినులు. పగలు మిల్లులో పని, తర్వాత అర్ధరాత్రి దాకా సాధన. కోచ్ దైమత్సు సైన్యం నుంచి వచ్చినవాడు. జనం పెట్టిన పేరు ‘రాక్షస దైమత్సు’. ఆ విజయం తెచ్చిన ఊపులో 1968లో చికాకో ఉరానో అనే రచయిత్రి ‘అటాక్ నంబర్ వన్’ మొదలుపెట్టింది. ఆడపిల్లల వాలీబాల్, ఆడపిల్లల కన్నీళ్లు, ఆడపిల్లల పట్టుదల. ఇక అసలు జట్టు కెప్టెన్ మసాయే కసాయి సంగతి వినండి. ఆటలో పడి పెళ్లి వయసు దాటిపోయిందని సాక్షాత్తూ దేశ ప్రధాని సాటో పూనుకుని 1965లో ఒక సైనికాధికారితో సంబంధం కుదిర్చాడు. ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన కెప్టెన్‌కి దేశం చూసిపెట్టిన బహుమతి వరుడు!

మన దగ్గర? 1991లో అశ్వినీ నాచప్ప తన సొంత పేరుతో నటించిన ‘అశ్విని’ నుంచి అమ్మాయి పరుగెత్తాలంటే వెనక ఒక మగ కోచ్ ఉండాల్సిందే. 2017లో వచ్చిన ‘గురు’ తీసింది సుధ కొంగర, మన ఆడమనిషే. రింగులో దెబ్బలు తిని గెలిచింది అమ్మాయి, సినిమా పేరు మాత్రం గురువుది. 2019 నాటి ‘కౌసల్య కృష్ణమూర్తి’లోనైతే టైటిల్లోనే తండ్రి పేరు కూడా వచ్చి కూర్చుంది.

మూల కథలో సకురాగికి ఉన్నవేవీ ఈ అమ్మాయిలకు లేవు. అతను తెలివితక్కువ కారణంతో ఆటలోకి వచ్చాడు. హైస్కూలుకొచ్చాక, పదిహేనేళ్లప్పుడు, మొదటిసారి బంతి పట్టుకున్నాడు. మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఐదు ఫౌళ్లూ చేసి బయటికి పోయాడు. నడుము దెబ్బ తిన్నాక కూడా ఆడతానన్నది అతనే, ఆ నడుము అతనిదే. (నొప్పి ఓర్చుకోవడం ఆడపిల్లకు కోచ్ వచ్చి కొత్తగా నేర్పాల్సిన విద్యా?) అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు ఓడిపోయారు. చాంపియన్ సన్నోను ఒక్క పాయింటు తేడాతో గెలిచిన ఆ జట్టు తర్వాతి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడింది. ఆ ఓటమిని ఇనోవే ఒక్క ముక్కలో తేల్చేశాడు. మర్నాడు కూడా జిమ్ము వాళ్లదే. పనికొస్తావా అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేనుండే శామీర్‌పేట సంగతి. ఈ పక్కనే హకీంపేటలో 1993లో పెట్టిన ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూలు ఉంది. నాలుగో తరగతిలో తీసుకుంటారు. ఎత్తు, బరువు, ముప్ఫై మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు. బీదింటి పిల్లలకు అన్నం, చదువు, ఆట మూడూ ఒకచోట దొరకడం చిన్న విషయం కాదు. కానీ అది ఎనిమిది, తొమ్మిదేళ్లకే పట్టే జల్లెడ. అందులోంచి జారిపోయిన మగపిల్లాడు సాయంత్రానికి బ్యాటు పట్టుకుని ఏదో ఒక ఖాళీ జాగ చూసుకుంటాడు. జారిపోయిన ఆడపిల్ల ఇంటికి పోయి అంట్లు తోముతుంది.

మా కాలేజీలో గ్రౌండుకు రెండు బాస్కెట్‌బాల్ పోస్టులుండేవి. రెండూ అబ్బాయిలవే. అలాగని ఎవరూ రాసిపెట్టలేదు. మాకు త్రోబాల్, టెన్నికాయిట్. యాన్యువల్ డేకి లెమన్ అండ్ స్పూన్! ఆరింటికి లేడీస్ హాస్టల్ గేటు వేసేవాళ్లు. మేం సకురాగిని చదివింది ఆ గేటు లోపల. ఇవాళ ఇదే రోడ్ల పక్కన రాత్రి పదకొండింటికి కూడా ఫ్లడ్‌లైట్ల కింద గంటకింత అద్దెకిచ్చే బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు లేచాయి. దాటినప్పుడల్లా వల లోపలికి చూస్తాను. నాకింతవరకు ఒక్క ఆడమనిషీ కనబడలేదు.

రక్తహీనత, బాల్యవివాహాలు ఉండగా ఈ ఆటల గోలేమిటంటారా? సాయంత్రం ఐదింటికి ఒక ఇంట్లో ఎవరు బంతి పట్టుకుంటారో, ఎవరు బియ్యం కడుగుతారో చూడండి. పొలం పంపకాల గురించి మాట్లాడినట్టే ఆ రెండు గంటల పంపకం గురించీ మాట్లాడాలి.

పోనీ, గెలిస్తే గౌరవం మిగులుతుందా? 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచిన మన నందిని అగసర, టీ అమ్మే తండ్రి కూతురు, గురుకులంలో చదువుకున్న పిల్ల. నాలుగో స్థానంలో ఆగిన సొంత దేశపు క్రీడాకారిణే ఆమె అసలు ఆడదే కాదన్నట్టు బాహాటంగా రాసి, తర్వాత తీసేసింది. పతకం మెళ్లో ఉండగానే ఆ పిల్ల తన శరీరానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన స్థితి. దాని మీద మన కవితల్లో ఒక్క పాదం నా కంట పడలేదు. పతకం వరకే మన కవిత్వం!

నా పేచీ ఇదే. గెలిచిన ఆడపిల్లను మాత్రమే కీర్తించే ప్రతి కవితా, గెలవని ఆడపిల్లకు గ్రౌండు మీద పనేమిటని అడిగే వాళ్ల వైపే నిలబడుతుంది. ఇంట్లో నాన్న అడిగేదీ అదే కదా: ఆడితే ఏమొస్తుంది?

రచయిత్రులారా, పతకాల మీద ఇక చాలు. పదిహేడేళ్లకు, ఎవడో కుర్రాడు నచ్చాడనో కొత్త బూట్లు కొనుక్కోవచ్చనో టీములో చేరి, మూడేళ్లు నానా ఛండాలంగా ఆడి, ఓడి, నవ్వుకుంటూ బస్సెక్కిన అమ్మాయి కథ రాయండి. ఆమెకు కోచ్‌ని పెట్టకండి, పెళ్లీ చెయ్యకండి. లెక్చరర్లుగా ఉన్నవాళ్లు మీ ప్రిన్సిపాల్‌ని ఒక్కటి అడగండి: ఆ రెండు పోస్టుల్లో ఒకటి, రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా, అమ్మాయిలకు. టోర్నమెంటుకు పంపక్కర్లేదు. ఒక లైటు, నాలుగు బంతులు చాలు. హాస్టల్ గేటు ఏడున్నరకు వెయ్యమనండి.