గోటి మీద గోరు

పిల్లలూ!

మూడు నెలల కిందట మా వీధిలో మూడో తరగతి చదివే పాప ఒకతె, తన అక్కను చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చింది. "మాస్టారు తాతయ్యా! అక్క గోళ్ళు చచ్చిపోయాయట. మళ్ళీ మొలవవని అమ్మ అంటోంది. నిజమేనా?" అని అడిగింది. అక్క ఇంటర్ చదువుతోంది. చేతులు రెండూ వెనక దాచుకుని నిలబడింది.

సంగతేమంటే, మేనమామ పెళ్ళికని ఆ అమ్మాయి పెట్టుడు గోళ్ళు అతికించుకుంది. వాటి మీద పువ్వులూ, చుక్కలూ వేయించుకుంది. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. సెలవులు అయిపోయే ముందు రాత్రి, కాలేజీలో కోప్పడతారని భయపడి, వాటి కింద పుల్ల దూర్చి పదింటినీ ఊడబెరికింది. కింద ఉన్న సొంత గోళ్ళు కాగితంలాగా పలచబడి, గరుకు తేలి బయటపడ్డాయి. వేడి అన్నం కలిపితే చురుక్కుమంటున్నాయట.

చేతులు చూసి, "మీ అమ్మ భయపడినట్టు ఏమీ కాదు, మళ్ళీ వస్తాయి," అన్నాను. పాప ఊరుకుందా? "నీకెట్లా తెలుసు?" అంది. ఆ ప్రశ్నకు జవాబే ఈ నెల మన పాఠం.

గోరు కెరటిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మన వెంట్రుకలూ, ఆవు కొమ్ము పై డొప్పా, గుర్రపు డెక్కా ఆ పదార్థమే. మనకు కనిపించే గోటికి ప్రాణం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. ప్రాణమంతా గోటి మొదట, చర్మం కింద దాగి ఉన్న వేరులో ఉంది. మీ బొటనవేలి గోటి మొదట తెల్లని నెలవంక కనిపిస్తుంది, చూడండి. అది ఆ వేరు కొస. ఆ వేరు రోజూ కొత్త గోరు తయారుచేసి, పాతదాన్ని ముందుకు నెడుతూ ఉంటుంది.

ఈ సంగతి మన ఆడపిల్లలందరికీ తెలిసినదే. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటారు గదా? వేళ్ళ చర్మం మీది ఎరుపు కొద్ది వారాల్లో పోతుంది. గోటి మీది ఎరుపు పోదు, జరుగుతుంది! మొదట్లో తెల్లగా కొత్త గోరు కనిపిస్తుంది. వినాయక చవితి నాటికి దాదాపు సగం గోరు తెల్లబడుతుంది. లెక్క వేస్తే నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు.

విలియం బీన్ అనే అమెరికా వైద్యుడు ఈ లెక్కను 35 సంవత్సరాలు కట్టాడు. నెల నెలా తన ఎడమ బొటనవేలి గోటి మొదట చిన్న గీత గీసి, అది కొసకు చేరడానికి ఎన్నాళ్ళు పట్టిందో రాసుకున్నాడు. ఆయనకు 32 ఏళ్ళప్పుడు గోరు రోజుకు 0.123 మిల్లీమీటరు పెరిగింది. 67వ ఏట 0.095 మాత్రమే పెరిగింది. నా గోళ్ళు ఇప్పుడు ఆ రెండో లెక్కకే దగ్గర, మీవి కావు!

అక్క వేళ్ళ మొదట వాపు గాని, ఎరుపు గాని, చీము గాని లేవు. అంటే వేరు చెక్కుచెదరలేదు. పాడైనది పై పలక మాత్రమే. ఆరు నెలల్లో అది కొసకు వెళ్ళిపోయి, కొత్త గోరు వస్తుంది.

మరి గోరు ఎందుకు పలచబడింది? దానికి పెట్టుడు గోరు ఎట్లా నిలుస్తుందో తెలియాలి. మీ నోటుపుస్తకంలో సగం కాగితం తీసుకుని ఒక కొసన పట్టుకోండి. రెండో కొస వాలిపోతుంది. దాన్నే పొడుగునా కాస్త దోనెలాగా వంచి పట్టుకోండి. వాలకుండా తిన్నగా నిలుస్తుంది. కాగితం అదే, వంపు వల్ల బలం వచ్చింది. ఇంటి కప్పు రేకులకు అలలు వేసేదీ ఇందుకే. మన గోరు వంపు తిరిగి ఉండటమూ, ప్లాస్టిక్ గోటిని వంచి తయారుచెయ్యటమూ కూడా ఇందుకే.

అయితే రెండు వంపులూ కలవాలి. వంపు తక్కువైనదాన్ని నొక్కి అతికిస్తే, అది మళ్ళీ విప్పారాలని చూస్తుంది. పక్కల సందు పడుతుంది. ఆ సందులో నీరు చేరి సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే పనితెలిసినవారు ఒక్కొక్క వేలికి సరిపడే కొలత ఏరుతారు. సరిపడేది లేకపోతే కాస్త పెద్దది తీసుకుని అంచులు అరగదీస్తారు. అతికించేటప్పుడు ఏటవాలుగా ఆనించి, మెల్లగా దించుతారు. అప్పుడు గాలిబుడగలు బయటికి పోతాయి.

ఆ జిగురు తడి తగిలితే గట్టిపడే జాతిది. గాలిలోని చెమ్మ చాలు. కంట్లో పడితే ప్రమాదం. నూలుబట్ట మీద ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. కాబట్టి చిన్నపిల్లలు దాన్ని ముట్టకూడదు.

ఇక అసలు విషయం. గోరు సన్నని పొరలు పేర్చిన పలక. పై పొరను జిగురు పట్టుకున్నంత గట్టిగా, కింది పొర పట్టుకోలేదు. బలవంతాన ఊడబెరికితే జిగురు వదలదు, పొరలే లేచి వస్తాయి. అక్కకు జరిగింది ఇదే. ఎసిటోన్ అనే ద్రవంలో నానబెడితే జిగురూ, ప్లాస్టిక్కూ మెత్తబడి వాటంతటవే వదులుతాయి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. పొయ్యికీ, దీపానికీ దూరంగా, పెద్దవాళ్ళే ఆ పని చెయ్యాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ గోళ్ళకు వాడే రసాయనాలు కొందరి చర్మానికి పడవు. దురద, బొబ్బలు కనిపిస్తే మానిపించి వైద్యుడికి చూపించండి. రోగులను ముట్టుకునే డాక్టర్లూ, నర్సులూ పెట్టుడు గోళ్ళు పెట్టుకోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. చేతులు ఎంత కడిగినా వాటి కింద సూక్ష్మజీవులు మిగులుతాయి.

ఆ రోజు పాపకు ఒక పని అప్పగించాను. తన ఎడమ బొటనవేలికి ఇంట్లో నూరిన గోరింటాకు పెట్టుకుని, ప్రతి నెలా ఒకటో తారీఖున తెల్లబడిన మేర కొలవాలి. అక్క గోటి మీద నున్నని కొత్త భాగమూ కొలవాలి. మొన్న ఆదివారం పుస్తకం తెచ్చి చూపించింది. పాప గోరు 9 మిల్లీమీటర్లు, అక్కది 9కి ఒక వెంట్రుకవాసి తక్కువ. వెనకాలే వచ్చిన వాళ్ళమ్మ ఆ అంకెలు రెండుసార్లు చదివింది. "అనవసరంగా దాన్ని ఏడిపించాను, మాస్టారూ," అంది.

అక్క ఈసారి చేతులు దాచుకోలేదు. పెట్టుడు గోళ్ళను పుల్లలకు గుచ్చి, వాటి మీద చుక్కల ముగ్గులు వేస్తోందట. పుల్ల కొసతో పెట్టిన చుక్క ఆవగింజంత ఉంది. నాకు కళ్ళద్దాలు కావలసి వచ్చాయి.

మీరూ ఒక గోటికి గోరింటాకు పెట్టి, మూడు నెలలు కొలిచి నాకు రాయండి. చేతి గోరు ముందు పరుగెడుతుందో, కాలి గోరు ముందు పరుగెడుతుందో కూడా చూడండి. జవాబు నేను చెప్పను!