అన్నప్రాశన మర్నాడు

అన్నప్రాశన రోజు ఇల్లంతా చుట్టాలే. పుస్తకం, కలం, బంగారం, కత్తి వరసగా పెట్టి, పాకుతూ వెళ్లే బిడ్డ దేన్ని పట్టుకుంటుందోనని కళ్లార్పకుండా చూస్తాం. మర్నాడు ఆ బిడ్డ గిన్నెలో ఏముందో మాత్రం చూడం. చాలా ఇళ్లలో పప్పుకట్టుతో నాలుగు మెతుకులు, ఏడిస్తే ఓ బిస్కెట్, ఊరుకోకపోతే చిప్స్ పొట్లం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా తిండి అందింది నూటికి 11 మందికే. వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. తెలంగాణలో అంతకు ముందు సర్వే నాటికి 28 శాతమే. వరి పండించే నేల మీద ఈ లెక్క పెరిగింది!

పేదరికమని ఒక్క మాటతో తప్పుకోలేం. అది నిజమే, కానీ అదొక్కటే కాదు. అదే సర్వేలో, తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగినా, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది 37 మందికే. ముర్రుపాలు పారబోసి తేనె నాకించేది మనం. ఆపరేషన్ కాన్పు పేరుతో బిడ్డను తల్లికి దూరంగా పడుకోబెట్టే ఆస్పత్రులూ జవాబు చెప్పాలి. పథ్యమంటూ బాలింతకు కారప్పొడి ముద్దలు పెట్టి, మంచినీళ్లు సైతం కొలిచి ఇచ్చేదీ మనమే.

అన్నిటికన్నా నన్ను కుదిపేది మరొకటి. ఆ సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. తన ఒళ్లే ఇంకా ఎదగని పిల్ల కడుపులో మరో పిల్ల. ఒంట్లో ఉన్న కాస్త రక్తమే ఇద్దరూ పంచుకోవాలి. ఆ పెళ్లిళ్లకు వెళ్లి అక్షింతలు వేసిందెవరు? విందు తిని చేయి కడుక్కుని వచ్చిందెవరు?

కడుపున పడ్డప్పటి నుంచి రెండో పుట్టినరోజు దాకా సుమారు వెయ్యి రోజులు. ఆ గడువులో ఆగిపోయిన ఎదుగుదల తర్వాత చాలావరకు తిరిగి రాదు.

ఈ వారమే మీ వీధి అంగన్‌వాడీకి వెళ్లండి. తూకం యంత్రం పనిచేస్తోందా, గుడ్లు వస్తున్నాయా అడగండి. లేకపోతే నలుగురూ కలిసి నిలదీయండి. పద్దెనిమిది నిండని పిల్ల శుభలేఖ మీ గడపకొస్తే, పెళ్లికి వెళ్లకండి, ఆపండి. మీ ఇంట్లో చూలాలో బాలింతో ఉంటే ఈ పూట మొదటి విస్తరి ఆమెకే వేయండి.