కంచెయు చేనును

రాజ్యాంగమున కర్థము చెప్పునపుడు పదము ప్రధానమా, ప్రయోజనము ప్రధానమా? ఇది పండితగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఎస్. రాయవరమునకు ఉత్తరమున, బొర్రా మన్యములోని గిరిజనుల భూములు దీనిపైననే యాధారపడినవి.

ఏజెన్సీయందు ఏ వ్యక్తియు గిరిజనేతరులకు భూమి నన్యాక్రాంతము చేయరాదని, రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ననుసరించి వెలువడిన 1959 నాటి రెగ్యులేషను, 1970 సవరణతో, శాసించినది. గనులను లీజున కిచ్చిన ప్రభుత్వము మాత్రము తాను ‘వ్యక్తి’ కానని వాదించెను. 1997లో ‘సమత’ వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులు మువ్వురిలో ఇరువు రావాదమును త్రోసిపుచ్చిరి, ఒకరు విభేదించిరి.

నిఘంటువును బట్టి చూచిన విభేదించినవారి పక్షమునకు బలము లేకపోలేదు. కాని ఐదవ షెడ్యూలు శూన్యమున బుట్టినది కాదు. మన్యపు భూములు అప్పుల మూలమున పరులపాలగుట నరికట్టుటకు 1917లోనే మద్రాసు ప్రభుత్వము చట్టము చేసినది. 1950 నాటి రాజ్యాంగము ఆ రక్షణనే స్థిరపరచినది. కంచెయే చేను మేయవచ్చునని దానికి అర్థము చెప్పుట న్యాయమా?

అయినను, ప్రయోజనము పేరిట న్యాయమూర్తి తనకు దోచిన యర్థము చెప్పరాదు. ఆ ప్రయోజనము చరిత్రయందును, రాజ్యాంగసభ చర్చలయందును కానవలయును. మైదానపు రైతులారా! ఇది మన్యపు గొడవయని యుపేక్షింపకుడు. మాట చాటున ప్రభుత్వము తప్పించుకొనగలిగిన నాడు మీ పట్టాలకు మాత్రము భద్రత యెక్కడిది?