వాడ మాట – 17: పక్కపక్కన రెండు కంచాలు

పోయిన భాగంలో అసైన్డ్ భూముల గురించి రాశాను. మధ్యలో ఆదివారం వచ్చింది. మా ఆయనా నేనూ చింతచిగురేసి పెద్దకూర వండుకుని, ఒకే చాప మీద కూర్చుని తింటున్న ఫొటో ఒకటి పెట్టాను. భూముల పోస్టుకి రాని మాటలన్నీ ఆ ఫొటోకి వచ్చాయి.

ఆ కూర చూసి వాంతి వచ్చిందన్న వాళ్ళకి నేను జవాబు చెప్పను. వాళ్ళ కడుపు వాళ్ళిష్టం. నాకు గుచ్చుకున్నది మనవాళ్ళ మాట. యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక తమ్ముడు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అక్కా, ఒక పక్క మనోళ్ళని చంపుతుంటే మీరు ఇట్టా మొగుడూ పెళ్ళాల ముచ్చట్లు పెడితే సీరియస్‌నెస్ పోదా?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇంకో సీనియర్ కామ్రేడ్ అయితే "ఇది మధ్యతరగతి జబ్బు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

సరే. ఈ భాగం ఆ కంచం గురించే.

ముందు తమ్ముడి మాట. మనల్ని ఎప్పుడు కొడతారో, ఎందుకు చంపుతారో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆకలితో ఉన్నామని మన మీద ఎవరూ కర్ర ఎత్తలేదు. ఆకలితో ఉన్న మాలోడూ మాదిగోడూ ఈ ఊళ్ళకి కావాలి. తెల్లారుజామున పిలిస్తే పనికొచ్చేది వాడే కదా. కర్ర లేచేది మనం కాస్త బాగున్నప్పుడు.

అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో రాసిన చక్వారా సంగతి చదవని వాళ్ళు ఇవాళే చదవండి. 1936లో జైపూర్ సంస్థానంలో జరిగింది. తీర్థయాత్రకి వెళ్ళొచ్చిన ఒక అంటరాని మనిషి తోటి అంటరానివాళ్ళకి భోజనాలు పెట్టాడు. బాగా పెట్టాలనుకున్నాడు. వడ్డించిన వాటిలో నెయ్యి ఉంది. వందల మంది హిందువులు కర్రలు పట్టుకుని వచ్చి పడ్డారు. అన్నం పాడుచేశారు, తింటున్న వాళ్ళని చితకబాదారు. తినేవాళ్ళు ముద్ద వదిలేసి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తారు. నేరం ఏమిటయ్యా అంటే, వాడు నెయ్యి వడ్డించాడు, వీళ్ళు నెయ్యి తిన్నారు. కొనుక్కునే స్తోమత ఉన్నా సరే అంటరానివాడు నెయ్యి తినకూడదు, తింటే అది హిందువుల మీద పొగరు కింద లెక్క అని అంబేడ్కర్ దాని అర్థం విప్పి చెప్పారు. అదే పుస్తకంలో ఇండోర్ దగ్గరి బలాయీలకి పెట్టిన ఆంక్షలూ ఉన్నాయి. మగాళ్ళు జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు. ఆడవాళ్ళు వెండి, బంగారం పెట్టుకోకూడదు. చూడండి, ఆ ఆంక్షల్లో ఎంత శాతం మన సరదాల మీదే ఉందో.

అంత దూరం ఎందుకు. చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ గొడవకి మొదలు ఎక్కడో తెలుసా? సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ఒక రెడ్డి కుర్రాడికి తగిలింది. టికెట్ కొనుక్కుని, వాళ్ళతో సమానంగా కుర్చీలో కూర్చుని, సినిమా చూడటం. మన సాయంత్రం మనం గడుపుకోవడం. వాళ్ళకి కంట్లో నలుసు అదే. పెళ్ళికొడుకు గుర్రమెక్కితే రాళ్ళేసే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అందుకని తమ్ముడూ, నేను టాపిక్ మార్చలేదు. నెయ్యి, తలపాగా, సినిమా టికెట్టు, గుర్రం. మనవాళ్ళ మీద జరిగిన దాడుల చిట్టా తిరగేస్తే నీకు తగిలేవి ఇవే.

ఇక మధ్యతరగతి జబ్బు.

నోరు కట్టుకోవడం గొప్ప అని మనకి ఎవరు నేర్పారు? గాంధీ 1906లో బ్రహ్మచర్య వ్రతం పట్టాడు. తర్వాత ఆశ్రమ నియమాల్లో అస్వాదం అని ఒకటి పెట్టాడు. అంటే నాలుకని జయించడం. అన్నం మందు వేసుకున్నట్టు వేసుకోవాలి, రుచిగా ఉందా లేదా అని చూడకూడదు అన్నాడు. తండ్రి పోరుబందరు దివాను. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషికి వదులుకోవడానికి ఏదో ఒకటి ఉంది, వదులుకున్నాడు. మా అమ్మకి అస్వాద వ్రతం ఎవరూ ఇప్పించక్కర్లేకపోయింది. మిరప కోతలకి పోతే మధ్యాహ్నం గొడ్డుకారం ముద్ద, రాత్రికి నూక అన్నం, పచ్చి పులుసు. ఆమె దేన్ని త్యాగం చేయాలి? త్యాగం చేయాలంటే ముందు కంచంలో పడాలి కదా.

అంబేడ్కర్ దీనికి పూర్తిగా ఎదురు నడిచిన మనిషి. త్రీపీస్ సూటు వేసుకున్నారు. ఇంటినిండా పుస్తకాలు కొనుక్కున్నారు. పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. మహాడ్‌లో మన ఆడవాళ్ళతో మాట్లాడినప్పుడు చీర ఎలా కట్టుకోవాలో కూడా చెప్పారు. చచ్చిన గొడ్డు మాంసం ఇంట్లోకి రానివ్వొద్దన్నారు. ఈ మాట పట్టుకుని కొంతమంది, "మరి మీరు పెద్దకూర తింటారేం?" అని నన్ను అడుగుతుంటారు. అయ్యా, ఊరోళ్ళ గొడ్డు చస్తే ఈడ్చుకుపోయి అదే తిని బతకమనడం వేరు, నా జీతంతో పొద్దున్నే లైన్లో నిలబడి అరకిలో కొట్టించుకోవడం వేరు. ఈ తేడా తెలియనట్టు నటించే వాళ్ళతో నాకు పని లేదు.

మధ్యతరగతి జబ్బు అన్న సీనియర్ గారింటికి నేను చాలాసార్లు వెళ్ళాను. మంచి మనిషి, కేసులు మోసిన మనిషి. భోజనాల దగ్గర ఆయన కంచంలోకి మూడోసారి కూడా వేడన్నమే వచ్చింది. వదిన వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది. "కూర్చో వదినా" అంటే నవ్వింది. మేం లేచాక గిన్నె అడుగున మిగిలిన పులుసు కలుపుకుని, అక్కడే పీట మీద గబగబా తింది. ఆమెకి ఏ జబ్బు ఉందో ఆయన ఎప్పుడూ తేల్చలేదు.

ఇక్కడికే రావాలనుకున్నాను.

మనుస్మృతిలో పదో అధ్యాయం మనందరికీ తెలుసు. చండాలుడికి పగిలిన పాత్రలో అన్నం, శవాల మీది బట్టలు, ఇనప నగలు. మీటింగుల్లో చెప్తూనే ఉంటాం. నాలుగో అధ్యాయం, 43వ శ్లోకం ఎవరైనా చెప్పగా విన్నారా? భార్యతో కలిసి తినకూడదు అంటుంది. ఆమె తింటున్నప్పుడు, తుమ్ముతున్నప్పుడు, ఆవలిస్తున్నప్పుడు, హాయిగా కూర్చున్నప్పుడు ఆమె వంక చూడనే కూడదు అంటుంది. హాయిగా కూర్చున్నప్పుడు! ఆడమనిషి హాయిగా కూర్చోవడం వాళ్ళకి తుమ్ముతో సమానం.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ నియమం రాసింది బ్రాహ్మణ గృహస్థు కోసం. మనకి రాయనే లేదు. మనకి రాసింది పగిలిన కుండ. మనం దాన్ని వాళ్ళ మొహాన కొట్టాం, బాగానే ఉంది. ఈ రెండోదాన్ని మాత్రం ఎవరూ ఇవ్వకుండానే తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నాం. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో మొత్తం పుస్తకాన్ని తగలబెట్టారు. మన ఇళ్ళల్లో మాత్రం కొన్ని పేజీలకి నిప్పు అంటుకోలేదు.

ఎప్పుడు తెచ్చుకున్నామో నేను చూశాను. మా నాన్న పాలేరు. ఆసామి ఇంట్లో ఆయన సత్తు పళ్ళెం గొడ్లసావిడి చూరులో దోపి ఉండేది. తిని, కడిగి, మళ్ళీ అక్కడే దోపాలి. కోతల రోజుల్లో అమ్మా నాన్నా ఒకే చేలో పని చేసేవాళ్ళు. గట్టు మీద సద్దిమూట విప్పితే ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. పచ్చిమిరపకాయ ఆయన కొరికి సగం ఇస్తే ఆమె కొరికేది. మన వాడల్లో ఆడా మగా సమానమని పుస్తకాలు రాసిన వాళ్ళు ఈ గట్టు వరకే వచ్చి చూసి వెళ్ళుంటారు. ఇంటికొచ్చాక అంత సమానం ఏమీ లేదు, దెబ్బలు కూడా ఉన్నాయి. అయినా ఆ గట్టు మీది గిన్నె నిజం. నాన్నకి హాస్టల్లో అటెండరు ఉద్యోగం వచ్చింది. టౌనుకి వచ్చాం. రెండు గదులు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు. నాన్న కుర్చీలో కూర్చున్నాడు, అమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. పక్కింటి వాళ్ళు చూస్తే బాగుండదట, పద్ధతి అట. చూరులోని పళ్ళెం నుంచి బయటపడ్డ మనిషి మొదట చేసిన పని, గట్టు మీద పక్కన కూర్చున్న మనిషిని లేపి నిలబెట్టడం. మా నాన్న చెడ్డవాడేం కాదు. ఎదగడమంటే అలాగే ఉంటుందని చూసి నేర్చుకున్నాడు. మనలో ఉద్యోగాలొచ్చిన ఎన్ని ఇళ్ళల్లో ఇది జరగలేదో చెప్పండి.

1942 జూలైలో నాగపూరులో దళిత మహిళల సభ జరిగింది. పెళ్ళి చేసుకున్న ప్రతి ఆడపిల్లా మొగుడికి స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలి, బానిసగా ఉండనని చెప్పాలి అన్నారు అంబేడ్కర్. స్నేహితురాలు అన్నారు. స్నేహితులు ఏం చేస్తారు? కలిసి తింటారు. ఒకళ్ళ కంచంలోంచి ఇంకొకళ్ళు లాక్కుంటారు.

మా ఇంటి సంగతి చెప్తాను. ఆదర్శం అని చెప్పడం లేదు, ఇలా కుదురుతుందని చెప్తున్నాను. ఆదివారం మా ఆయన పొద్దున్నే వెళ్ళి కూర తెస్తాడు. కొట్టేవాణ్ణి బతిమాలి మూలుగ బొక్క ఒకటి వేయించుకుంటాడు. నేను చింతచిగురు కాడలు ఏరి నలుపుతాను, ఆయన అల్లం వెల్లుల్లి, ధనియాలు, చెక్కా లవంగం రోట్లో నూరతాడు. మిక్సీ ఉంది, అయినా రోట్లోనే. ఉప్పూ పసుపూ వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించుకుని, తర్వాత తాలింపు, మసాలా, చివర్లో చిగురు. చిగురు ముందే వేస్తే నల్లబడుతుంది. కిటికీలన్నీ తీసే ఉంటాయి.

కిటికీల సంగతి ఎందుకు చెప్తున్నానంటే, పదేళ్ళు అద్దె ఇళ్ళల్లో ఉన్నాం. "మీరేమిట్లు?" అని గేటు దగ్గరే అడిగేవాళ్ళు. ఒక ఓనరమ్మ మెట్ల మీదే నిలబడి వాసన చూసేది. మే నెల ఎండల్లో తలుపులూ కిటికీలూ మూసి, సాంబ్రాణి వెలిగించి, టీవీ సౌండు పెంచి కుక్కరు పెట్టేవాళ్ళం. చెమటలు కక్కుతూ తినేవాళ్ళం. మొగుడూ పెళ్ళాం కలిసి చేస్తున్నది దొంగతనమా అన్నట్టు ఉండేది. ఆ పదేళ్ళలో తిన్న కూర రుచి నాకు ఒక్కటీ గుర్తులేదు. కొత్తగా పెళ్ళైన వాళ్ళకి ఆ వయసు మళ్ళీ రాదు. ఈ నష్టానికి ఏ కమిషన్ ముందు అర్జీ పెట్టాలి?

ఇక మూలుగ బొక్క. మా పుట్టింట్లో అది మగాళ్ళ కంచంలోకే పోయేది, అడిగేది లేదు. మా ఇంట్లో పెళ్ళైన మొదటి నెల్లోనే తేలిపోయింది. ఒక ఆదివారం ఆయనది, ఒక ఆదివారం నాది. పందొమ్మిదేళ్ళ నుంచీ అంతే. పోయిన వారం ఎవరిదనే దాని మీద పోట్లాటలు బోలెడు, ఆయన లెక్కలు నేను నమ్మను. తిన్నాక అంట్లు సింకులో అలాగే ఉంటాయి. కాసేపు పడుకుంటాం. సాయంత్రం బండి మీద ఓడరేవు వెళ్తాం. ముంజలు వస్తే దారిలో ముంజలు, లేకపోతే ఇసకలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు. ఉద్యమం గురించి మాట్లాడుకోం. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో మాట్లాడుకుంటాం. సోమవారం పొద్దున మళ్ళీ ఎమ్మార్వో ఆఫీసు ముందు ధర్నాకి ఎవరు వస్తారని లెక్క చూస్తే, మా ఇద్దరం మాత్రం ఉంటాం.

తమ్ముళ్ళకి ఒక మాట. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో పెద్దకూర పండగ చేశారు. గొడవలయ్యాయి, దాడులయ్యాయి, పోలీసులొచ్చారు. ఆ రోజు ఆ బిర్యానీ తిన్నవాళ్ళ ధైర్యం నాకు గర్వం. అప్పటి కుర్రాళ్ళలో చాలామందికి ఇప్పుడు పెళ్ళిళ్ళు అయ్యాయి, కొందరి ఇళ్ళకి నేను భోజనానికి వెళ్ళాను. అంత గలాటా మధ్య నిలబడి తినగలిగిన వాడికి, ఇంట్లో పెళ్ళాం పక్కన కూర్చుని తినడానికి అడ్డం ఏమిటి? "నేను వద్దన్నానా, తనే కూర్చోదు అక్కా" అంటారు. ఆమె కూర్చుంటే రెండోసారి అన్నం ఎవరు తెస్తారు నాన్నా? నువ్వు లేచి తెస్తే ఆమె కూర్చుంటుంది. ఇంత చిన్న సంగతికి స్టడీ సర్కిల్ పెట్టక్కర్లేదు. స్టడీ సర్కిల్లో టీ ఎవరు పెడుతున్నారో కూడా ఒకసారి చూడండి.

ఈ ఏప్రిల్ 14కి మా పేటలో భోజనాల వంట మగాళ్ళే చేయాలని ఆడవాళ్ళం తీర్మానం చేశాం. మొదటి బంతి ఆడవాళ్ళూ పిల్లలూ. ఇద్దరు పెద్దమనుషులు అలిగారు, ఒకాయన చందా వెనక్కి అడుగుతున్నాడు. మూడు వందల మందికి పప్పు ఎంత పోయాలో తెలియదని నిన్న సాయంత్రం కమిటీ వాళ్ళు మా ఇంటికి వచ్చారు. నేను చెప్పలేదు. మా ఆయన్ని అడగమన్నాను.

వచ్చే భాగంలో మళ్ళీ అసైన్డ్ భూములు. 22-ఏ జాబితా కాగితాలు ఉన్నవాళ్ళు ఫొటోలు తీసి పంపండి.

జై భీమ్.